అమ్మ, నేను, అరవై ఎనిమిది ఆవులు

శుక్రవారం

మే నెల మొదటి సోమవారం ఐర్లండ్‌లో సెలవు. శుక్రవారం కూడా సెలవు పెట్టుకుంటే నాలుగు రోజులు కలిసొస్తాయి. డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లు ఇలాంటప్పుడు గాల్వేకో, క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌కో పోతారు. మామూలుగా అయితే మేమూ అంతే. ఈసారి అమ్మ ఉంది. వచ్చి ఆరు వారాలైంది. సముద్రం చూపిస్తే "బాగుందిరా" అంది. పాత కోట చూపిస్తే అదే మాట. ఒకరోజు రైల్లో పోతుంటే కిటికీలోంచి ఆవుల మంద కనపడింది. అప్పుడు మాత్రం సీట్లోంచి లేచి నిలబడింది.

మాది అద్దంకి దగ్గర పల్లె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంజనీరింగ్ అయిపోయేదాకా మా ఇంట్లో రెండు గేదెలకు తక్కువ ఎప్పుడూ లేవు. నా ఫీజుల్లో సగం పాలకేంద్రం డబ్బులే. అమ్మకు మోకాళ్లు పోయాక చివరి గేదెను అమ్మేశాం. అది కొన్నవాళ్లింట్లో వారం రోజులు చేపలేదట. చివరికి వాళ్లొచ్చి అమ్మ పాత చీర ఒకటి అడిగి తీసుకుపోయారు.

నాతో పనిచేసే అమ్మాయిది కార్క్ కౌంటీలో ఫెర్మోయ్ దగ్గర ఊరు. వాళ్ల నాన్న పాలు పితకడానికి రోబో పెట్టాడనీ, ఆవులు మాత్రం బీట్లోనే మేస్తాయనీ ఎప్పుడో టీ తాగుతూ చెప్పింది. కొట్టంలో కట్టేసి పెంచే ఆవులకు రోబో అంటే నాకు అర్థమవుతుంది. ఎక్కడో పొలంలో మేసే ఆవు యంత్రం దగ్గరికి ఎందుకొస్తుంది, ఎవరు తోలుకొస్తారు అని అడిగాను. "ఎవరూ తోలరు. నువ్వొచ్చి చూసుకో, మీ అమ్మను కూడా తీసుకురా" అంది. మా ఆవిడ పాపను తీసుకుని స్నేహితులతో గాల్వే పోయింది. అమ్మా నేనూ హ్యూస్టన్ స్టేషన్‌లో కార్క్ రైలెక్కాం.

రెండు గంటల్లో మాలో. అక్కడ దిగితే ఆ అమ్మాయి కారుతో వచ్చింది. ఫెర్మోయ్ దాకా అరగంట దారి, చాలా దూరం బ్లాక్‌వాటర్ నది పక్కపక్కనే. రోడ్డుకు రెండువైపులా కంచెలు పూతమీద ఉన్నాయి. అమ్మ కంచెల్ని చూడలేదు, వాటి అవతల ఉన్న గడ్డిని చూస్తూ వచ్చింది. "ఇంత గడ్డి పెట్టుకుని వీళ్లు పాలపొడి ఎందుకమ్ముకుంటార్రా" అని ఒక ప్రశ్న వేసింది. ఐర్లండ్ పాలలో ఎక్కువ భాగం వెన్న, జున్నుగడ్డ, పొడి అయి విదేశాలకే పోతుందని, ఇక్కడి జనం తాగితే తరిగే పాలు కావని చెప్పాను.

ఇంటి దగ్గర కారు దిగేసరికి రాత్రి ఎనిమిది. ఎండ ఇంకా ఉంది. పొలాల మధ్య సన్నటి సిమెంటు బాట మీద ఒక్క ఆవు, నలుపు తెలుపు మచ్చలది, తాపీగా నడిచి వస్తోంది. దాని ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు.

"ఒరేయ్, ఆవు తప్పించుకొచ్చింది. చెప్పు వాళ్లకి" అంది అమ్మ.

ఆ అమ్మాయి నవ్వి, "తప్పించుకోలేదు. దాని టైమైంది, పోతోంది" అంది.

శనివారం

పొద్దున్నే ఆరింటికి అమ్మ నన్ను లేపింది. తను అప్పటికే స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, ఎవరివో గమ్‌బూట్లు తొడుక్కుని సిద్ధంగా ఉంది. చీర కింద గమ్‌బూట్లు. ఫొటో తీస్తానంటే కొట్టినంత పని చేసింది.

రోబో ఉన్నది పాత పాకలోనే. ఒక ఆవు పట్టేంత ఇనుప గూడు, పక్కన మడత పడే చెయ్యి. ఆవు లోపలికి రాగానే మెడపట్టీలోని చిప్ చదివి అది ఏ ఆవో తెలుసుకుంటుంది. ముందున్న తొట్టిలో గలగలమని దాణా పడుతుంది. ఆవు తల దాంట్లో పెట్టేలోపు చెయ్యి పొదుగు కిందికి జరుగుతుంది. రెండు చిన్న బ్రష్‌లు తిరుగుతూ చన్నుల్ని తుడుస్తాయి. ఎర్రటి లేజర్ వెలుగు చన్నులెక్కడున్నాయో వెతుకుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, కప్పులు విడివిడిగా తగులుకుంటాయి. ఏ చన్ను అయిపోతే ఆ కప్పు ఊడుతుంది. అంతా అయ్యాక మందు చిమ్మి, ముందు గేటు తీస్తుంది. మొత్తం ఏడు నిమిషాలు. పాలలో విద్యుత్తు పారే తీరును బట్టీ, రంగును బట్టీ పొదుగువాపు వస్తోందేమో ముందే పసిగడుతుంది. మందులు వాడుతున్న ఆవు పాలైతే ట్యాంకులో కలపకుండా పక్కకు మళ్లిస్తుంది.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అమ్మ మాత్రం బ్రష్‌ల దగ్గర ఆగిపోయింది.

"అది దూడ చేసే పని" అంది. నిజమే. దూడ వెళ్లి పొదుగును కుమ్మితే తల్లి చేపుతుంది. ఆ తాకిడికి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు దిగుతాయి. ఆ తాకిడి దూడదైనా, తడి చేత్తో పొదుగు నిమిరే మనిషిదైనా, బ్రష్‌దైనా ఒంటికి తేడా లేదు. దాణా చప్పుడు గురించి మాత్రం అమ్మకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. "ముందు కుడితి బకెట్ పెట్టకపోతే మన గేదె నిలబడేదా? ఇదీ అంతేగా."

ఇంటాయనకు అరవై దాటాయి. తక్కువ మాట్లాడే మనిషి. అమ్మ అడిగింది నేను ఇంగ్లీషులో చెప్పాక, ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "రోబో గురించి ఏముంది, అది కంపెనీవాళ్లు చూసుకుంటారు. నా పని గడ్డి" అన్నాడు. అప్పుడది వినయం అనుకున్నాను. ఆదివారం సాయంత్రానికి గానీ నాకది బోధపడలేదు.

బల్ల మీద కాగితం పరిచి పొలం గీశాడు. ఇంటి చుట్టూ ఒకే చెక్కగా 26 హెక్టార్లు, మన లెక్కలో అరవై నాలుగు ఎకరాలు. రోడ్డుకు అవతల ఇంకొంత ఉంది గానీ అది కోసి పాతరేసి దాచుకునే సైలేజ్ గడ్డికే. ఎందుకంటే ఆవులు వాటంతట అవి కార్లు తిరిగే రోడ్డు దాటలేవు. ఇక్కడ చాలా కుటుంబాలకు పొలం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వాళ్లు రోబో అనుకున్నా మొదట అడ్డొచ్చేది ఇదేనట, డబ్బు తర్వాత.

ఆ 26 హెక్టార్లనూ మూడు భాగాలు చేశాడు. వాటి పేర్లు ఏ, బీ, సీ. పాక మధ్యలో ఉంటుంది. రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం తొమ్మిది దాకా కొత్త గడ్డి ఏ వైపు, తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా బీ వైపు, ఐదు నుంచి మళ్లీ ఒంటిగంట దాకా సీ వైపు. ప్రతి భాగంలోనూ ఎనిమిది గంటలకు సరిపడా ముక్కే కరెంటు తీగ కట్టి ఇస్తాడు. అది అయిపోగానే ఆవుకు తెలుసు, కొత్త గడ్డి ఇంకో వైపు ఉంటుందని. ఆ వైపు పోవాలంటే పాక ముందున్న గేటు దాటాలి. ఆ గేటు మెడపట్టీ చదివి, పితికి చాలా సేపైందనుకుంటే రోబో వైపు తిప్పుతుంది. లేదూ ఇందాకే ఇచ్చింది అనుకుంటే నేరుగా కొత్త గడ్డికి వదులుతుంది. గేట్లు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, తెరుచుకున్నప్పుడల్లా "హుస్స్" అంటాయి.

అంటే ఆవు పాలివ్వడానికి రాదు. గడ్డి మారడానికి వస్తుంది. దారిలో టోల్‌గేటులాగా రోబో ఉంటుంది, అంతే.

నేను ఈ పోలిక చెబితే ఇంటాయన మొదటిసారి నవ్వాడు. అమ్మకు టోల్‌గేట్ మాట నచ్చలేదు. "పాపం, డబ్బులు కట్టించుకున్నట్టు మాట్లాడతావేందిరా" అంది.

లెక్కలు నాకిష్టం కాబట్టి ఆయనతో కూర్చుని వేశాను. మే నెలలో ఒక్కో ఆవు రోజుకు 17 కిలోల దాకా ఎండుపదార్థం తింటుంది. నీళ్లు తీసేస్తే మిగిలే గడ్డి బరువన్న మాట. 68 ఆవులకు 1,150 కిలోలు దాటుతుంది. మేపడానికి సరైన గడ్డి హెక్టారుకు 1,400 కిలోలు. ఆ లెక్కన రోజుకు ముప్పావు హెక్టారుకు కాస్త ఎక్కువ. మూడు పూటలకు పంచితే పూటకు 68 సెంట్లు. ఆవుకు సెంటు! ఈ మాట చెబితే అమ్మ వెంటనే పట్టుకుంది. ఎకరాలు, సెంట్లలో చెబితే ఆమెకు అనువాదం అక్కర్లేదు.

మధ్యాహ్నం అమ్మా, ఇంటావిడా వంటింట్లో కూర్చున్నారు. ఒకరికి తెలుగు, ఒకరికి ఇంగ్లీషు. సోడా రొట్టె మీద వెన్న మందంగా రాసి పెడితే అమ్మ ముందు వెన్న వాసన చూసింది, తర్వాత రంగు చూసింది. పసుపు రంగు. పచ్చగడ్డిలోని కెరోటిన్ ఆవు వెన్నకు ఆ రంగు తెస్తుంది. గేదె దాన్ని దాదాపు అంతా విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది కాబట్టి మన వెన్న తెల్లగా ఉంటుంది. అమ్మ ఇవేవీ అడగలేదు. "మీగడ తోడేసి చిలికింది కాదిది, తెలుస్తానే ఉంది" అని తీర్పు చెప్పి రెండో ముక్క తీసుకుంది.

ఆదివారం

రాత్రి రెండూ నలభైకి ఇంట్లో ఎవరి ఫోనో మోగింది. తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు. కిటికీలోంచి చూస్తే ఇంటాయన పైజామా మీద కోటు వేసుకుని పాక వైపు పోతున్నాడు. నేనూ లేచి వెళ్లాను. ఒక పడ్డావు, ఈ ఏడే మొదటిసారి ఈనింది, కప్పును తన్నేసి గొట్టాన్ని కాలికింద వేసి తొక్కింది. రోబో మూడుసార్లు ప్రయత్నించి, తనవల్ల కాదని యజమానికి ఫోన్ చేసింది. గేటు దగ్గర అప్పటికే పది పన్నెండు ఆవులు క్యూ కట్టి ఉన్నాయి. ఆయన గొట్టం సరిచేసి, కడిగే బటన్ నొక్కి, ఆ పడ్డావు మెడ మీద రెండుసార్లు తట్టాడు. ఇరవై నిమిషాల పని. తిరిగొస్తూ, "పాత పద్ధతిలో రాత్రిళ్లు నిద్ర ఉండేది" అన్నాడు. కొంచెం దూరం నడిచాక, "పగలు మాత్రం ఉండేది కాదు" అని కలిపాడు.

రోబో అమ్మే కరపత్రాల్లో ఈ ఫోన్ మోత బొమ్మ ఉండదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌కాల్ డ్యూటీ చేసేవాణ్ణి కాబట్టి నాకు ఆయన మీద జాలి కాదు, స్నేహం కలిగింది.

తెల్లారేసరికి వాన. ఐర్లండ్ వాన మన వానలా కురవదు, గాలిలో నిలబడి ఉంటుంది. ఏడింటికి ఇంటాయన ఫోన్‌లో జాబితా చూసి నాలుక కొట్టుకున్నాడు. పదకొండు ఆవుల పేర్లు ఎర్రగా ఉన్నాయి. పితికి పద్నాలుగు గంటలు దాటింది, ఒకదానికైతే పద్దెనిమిది.

"నిన్న సాయంత్రం తీగ పది మీటర్లు ఎక్కువ జరిపాను. వాన పడుతుంది, తొక్కి పాడుచేస్తాయి, కాస్త ఎక్కువ ఉంటే మంచిదనుకున్నాను" అన్నాడు. అదీ తప్పు. గడ్డి మిగిలితే ఆవు కదలదు. కడుపు నిండి, పక్కనే ఇంకా పచ్చగా ఉంటే పాక దాకా నడవాల్సిన అవసరం దానికేముంది? రోబో ఖాళీగా నిలబడుతుంది, పొదుగులు బిగుస్తాయి, పొదుగువాపుకు దారి. పోనీ తక్కువ ఇస్తే? అన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి, గేటు దగ్గర గంటలు గంటలు నిలబడతాయి, బలం లేనివి వెనకపడతాయి, గిట్టలు చెడతాయి. పాలు తగ్గుతాయి. ఈ రెంటి మధ్య దారి ఎంత సన్నమో ఆ పది మీటర్ల తీగ చెప్పింది.

ముగ్గురం వెళ్లాం తోలుకురావడానికి. నేను చేతులు ఊపాను, ఒక్కటి కదల్లేదు. అమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయినట్టుంది. పక్కనుంచి చుట్టి వచ్చి, నాలుకతో "ట్ట ట్ట" అని చప్పుడు చేస్తూ, చేతిలో కర్ర లేకుండానే, ఒకదాని వెనక కాస్త పక్కగా నిలబడింది. అది నడిచింది. దాన్ని చూసి మిగతావి నడిచాయి. ఇంటాయన నావైపు తిరిగి, "మీ అమ్మ వీసా ఎన్నాళ్లుంది?" అని అడిగాడు.

వాన తెరిపిచ్చాక గడ్డి కొలవడానికి బయల్దేరాడు. వారానికోసారి పొలమంతా నడవాలి. చేతిలో కర్రలాంటి కొలబద్ద, దాని అడుగున పళ్లెం. గడ్డి మీద ఆనిస్తే పళ్లెం ఎంత ఎత్తులో ఆగిందో చూపిస్తుంది. ప్రతి మడిలో ముప్పై నలభై చోట్ల, టక్ టక్ టక్. తొమ్మిది, తొమ్మిదిన్నర సెంటీమీటర్లుంటే మేపడానికి సరైన పదును. నాలుగు సెంటీమీటర్లకు కొరికేసి ఆవులు బయటికి రావాలి. అంతకు మించి మిగిల్చితే వచ్చే మేతకు అడుగున కాడలు పేరుకుంటాయి. రైగ్రాస్ అనే ఈ గడ్డి మొక్కకు ఒకసారి మూడు పచ్చి ఆకులే నిలుస్తాయి. నాలుగోది వచ్చేసరికి మొదటిది ఎండుతుంది. మూడో ఆకు పూర్తిగా విచ్చాక, నాలుగోది రాకముందే మేపాలి. మే నెలలో ఇది మూడు వారాలకొకసారి తిరుగుతుంది.

గడ్డి మధ్యలో తెల్ల క్లోవర్ ఉంది. మన పిల్లిపెసర, జనుము జాతే, వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. అమ్మ ఒక మొక్క పెరికి వేళ్లు చూసి, "ఉన్నయ్" అంది, ఆ బుడిపెలు. ఇంటాయన ఆవిడ చేతిలోంచి మొక్క తీసుకుని తనూ చూశాడు. నేను మధ్యలో నిలబడి చేయాల్సిన అనువాదం ఏమీ లేకపోయింది.

ఈ కొలతలన్నీ ఫోన్‌లోకి ఎక్కుతాయి. చాగస్క్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ గడ్డి లెక్కల కోసం నడిపే డేటాబేస్ ఉంది, దాని పేరు పాశ్చర్‌బేస్ ఐర్లండ్. ఆ సంస్థ పాడి కేంద్రం మూర్‌పార్క్ ఫెర్మోయ్ పక్కనే. గడ్డి మేసే ఆవులకు రోబో పనికొస్తుందా అని 2013లో ఆరు యూరప్ దేశాలు కలిసి ఆటోగ్రాస్‌మిల్క్ అనే ప్రాజెక్టు మొదలుపెడితే, దాన్ని నడిపింది మూర్‌పార్కే. అంతకు ముందే, 2001లో న్యూజీలాండ్‌లో హామిల్టన్ దగ్గర బీట్లో మేసే మందతో రోబోను ప్రయత్నించారు. రోబో మొదటిసారి రైతుల దగ్గరికి వచ్చిందేమో 1992లో నెదర్లాండ్స్‌లో, ఏడాదంతా కొట్టంలో మేపే ఆవుల లెక్కకు సరిపడేలా. అక్కడ రోజుకు రెండున్నర సార్లు పైనే పితుకుతుంది. ఇక్కడ సగటున రెండుకు లోపే. అది రోబో లోపం కాదు. ఆవు పొలంలో ఉంది, అంతే తేడా.

ఆ సాయంత్రం టీ తాగుతూ డబ్బుల మాట వచ్చింది. రోబో ఒక్కటే లక్ష యూరోలకు పైన. దానికి గేట్లు, బాటలు, సర్వీసు కాంట్రాక్టు వేరే. పైగా ఐర్లండ్ పద్ధతిలో ఆవులన్నీ ఫిబ్రవరి, మార్చిలోనే ఈనుతాయి. గడ్డి మొలిచే కాలానికి పాలు పొంగాలని అలా కుదురుస్తారు. దాంతో మేలో రోబోకు ఊపిరాడదు, డిసెంబరులో ఆవులన్నీ వట్టిపోయాక వారాల తరబడి ఊరికే కూర్చుంటుంది. కొట్టంలో మేపే ఆసామి అదే రోబో నుంచి ఏడాది పొడుగునా పని లాగుతాడు. నేను అదే అన్నాను, ఇది లాభమా అని.

ఆయన లాభమని అనలేదు. ఐరోపాలో పాల కోటాలు, అంటే ఇన్ని పాలే పోయాలన్న పరిమితులు, 1984 నుంచి 2015 దాకా ఉన్నాయి. అవి ఎత్తేశాక ఈ చుట్టుపక్కల అందరూ మందలు పెంచారు. ఈయనకు పెంచడానికి ఇంటిచుట్టూ భూమి లేదు. పని మనుషులు దొరకరు. కొడుకు ఆస్ట్రేలియా, కూతురు డబ్లిన్. పాలు పితికే పాత పార్లర్‌లో పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, గుంటలో నిలబడి భుజాల ఎత్తున కప్పులు తగిలించడం, నలభై ఏళ్లు. భుజం ఆపరేషన్ అయిన ఏడాది ఆవులు అమ్మడమా, రోబో కొనడమా అని తేల్చుకోవలసి వచ్చింది. "అమ్మితే ఎక్కువ మిగిలేది" అని కూతురు మెల్లగా నాతో అంది. ఆయన విన్నాడు. విననట్టు కప్పు కడగడానికి లేచాడు.

నా మట్టుకు నాకు, లెక్క ప్రకారం చూస్తే కూతురే కరెక్ట్ అనిపించింది. కానీ అప్పుడే ఆయన టీ కప్పు పెట్టేసి, పొద్దు గూకుతుండగా, తీగ జరపడానికి వెళ్లాడు. ఈసారి పది మీటర్లు తగ్గించి.

సోమవారం

నిన్న రాత్రి ఒక ఆవు ఈనింది. మిగతావన్నీ మార్చికల్లా అయిపోతే ఇది వెనకపడిన చూడి. పెయ్యదూడ. పొద్దున్నే అందరం పాకలో ఉన్నాం. ముర్రుపాలు మాత్రం రోబోకు వదల్లేదు. దూడకు మొదటి పితుకు పాలే పట్టాలి, రెండు గంటల్లోపు, మూడు లీటర్లకు తగ్గకుండా. ఒకటి, రెండు, మూడు అని ఇక్కడ పిల్లలకు కూడా నేర్పుతారట. రాత్రే ఆ పని అయిపోయింది. పొదుగులో ఇంకా ఉన్నాయి.

అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "అడుగు."

అడిగాను. ఇంటాయన బకెట్ తెచ్చిచ్చాడు. అమ్మ కూర్చోలేదు, మోకాళ్లు ఒప్పుకోవు. ఎత్తు పీట ఒకటి వెతికి తెచ్చారు. వేడినీళ్లతో పొదుగు తుడిచి, దాని డొక్కకు నుదురు ఆనించి, కాసేపు ఊరికే ఉంది. ఏదో మాట్లాడింది కూడా. నాకు వినపడలేదు, ఆవుకు వినపడే ఉంటుంది. తర్వాత పిడికిలి బిగిసింది. మొదటి ధార ఖాళీ బకెట్ అడుగుకు తగిలి "సుయ్" మని మోగింది. ఆ చప్పుడు నేను ఎన్నేళ్ల తర్వాత విన్నానో లెక్కపెట్టుకునే ధైర్యం చెయ్యలేదు.

"చన్నులు పొట్టి. వేళ్లు నిలవట్లా" అని సణుగుతూనే లీటరున్నర దాకా పితికింది.

ఆ పాలతో ఏం చేస్తారని ఇంటావిడ అడిగితే వంటింట్లోకి తీసుకుపోయి చూపించింది. ముర్రుపాలలో మామూలు పాలు కలిపి, పంచదార, మిరియాలు. యాలకులు కూతురు బ్యాగులో చాయ్ డబ్బాలో దొరికాయి. గిన్నె మీద మూతపెట్టి నీళ్లలో ఆవిరికి పెట్టింది. గంటలో జున్ను. పసుపురంగు జున్ను, అమ్మ కూడా అంత పసుపురంగుది చూడలేదు. ఇంటాయన ఒక స్పూను తిని, తన నాయనమ్మ కూడా ఈనిన ఆవు మొదటి పాలు పారబోయనిచ్చేది కాదని, దాంతో ఏవో అట్లు పోసేదని చెప్పాడు. ఆ పాలను వాళ్లు బీస్టింగ్స్ అంటారు. ఆయనకు ఆ రుచి గుర్తుంది. అది చేసే పద్ధతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

కానీ ఆ పెయ్యదూడను అప్పటికే తల్లి నుంచి వేరుచేసి వేరే గదిలో పెట్టారు. తల్లి అటు చూసి అరుస్తోంది. అమ్మకు ఈ ఒక్కటీ మింగుడు పడలేదు. "పాలు మనం తీసుకుంటాం సరే. ఒక చన్ను దానికి వదలొచ్చుగా" అంది. నేను ఇంగ్లీషులో కాస్త మెత్తగా చేసి చెప్పాను. రోగాలు రాకుండా ఉండడానికి, ఎన్ని తాగిందో తెలియడానికి వేరుచేస్తామని, ఒకటి రెండు రోజుల్లో ఇద్దరూ మరిచిపోతారని ఇంటాయన చెప్పాడు. నేను దాన్ని తెలుగులోకి తెచ్చాను. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో గేదెకు మగదూడ పుడితే దానికి ఎన్ని పాలు వదిలేవాళ్లమో నాకు గుర్తుంది, ఆమెకు ఇంకా బాగా గుర్తుంటుంది. మా ఇద్దరికీ ఎదుటివాళ్లను అడిగే హక్కు అంత గట్టిగా లేదు.

పదింటికి పాల ట్యాంకర్ వచ్చింది. రోజు విడిచి రోజు వస్తుంది. ఇక్కడ లీటరుకు కాదు, పాలలోని వెన్నకూ ప్రొటీన్‌కూ కిలోల లెక్కన కడతారు, నీళ్లు మోసే ఖర్చు కింద లీటరుకు ఇంత అని తీసేస్తారు. అమ్మకు ఇది బాగా నచ్చింది. మన పాలకేంద్రంలో ఫ్యాట్ చూసి రాసే కుర్రాడితో ఆమెకు ఎన్నో యుద్ధాలు జరిగాయి.

మా రైలు మధ్యాహ్నం. అప్పటికింకా టైముంది కాబట్టి బాట వెంబడి నడిచాం. ఐరిష్ భాషలో రోడ్డును బోహర్ అంటారని, ఆవును 'బో' అంటారని, ఆ రోడ్డు మాట ఆవు నుంచే వచ్చిందని ఆ అమ్మాయి చెప్పింది. 'బో', మన సంస్కృతపు 'గో' ఒకే మూలం నుంచి వచ్చినవని నాకు ఎక్కడో చదివిన గుర్తు. చెబితే అమ్మ, "ఆవునెవరైనా ఆవనే అంటార్లే" అని కొట్టిపారేసింది.

మేత దాదాపు అయిపోయిన మడిలో ఒకే ఒక్క ఆవు మిగిలింది. నిన్నటి జాబితాలో పద్దెనిమిది గంటలది. తీగ పక్కన ఒక మూల గడ్డి కాస్త ఉంది, దాన్ని వదలడం లేదు. అమ్మ కంచె దగ్గర నిలబడి మా గేదెల్ని పిలిచినట్టే పిలిచింది. "దా... దా... దా అమ్మా." ఆవు తలెత్తి చూసింది. చెవులు ఊపింది. మళ్లీ తల దించుకుంది.

మేం అక్కడే ఉన్నాం. ఏడెనిమిది నిమిషాలకు ఆ మూల కూడా నున్నగా అయిపోయింది. ఆవు నోరు తుడుచుకున్నట్టు నాలుక తిప్పి, మా పక్కనుంచే, మమ్మల్ని చూడకుండా, బాట మీదికెక్కి పాక వైపు నడిచిపోయింది. దూరంగా గేటు "హుస్స్" మంది.

"నీ పిలుపుకు రాలేదమ్మా" అన్నాను.

"నాలుగు రోజులకే వచ్చుద్దా. ఒక నెలుంటే వచ్చుద్ది" అంది అమ్మ.